గిల్లుడు అలవాటు: 26 ఏళ్లు గిల్లుకున్న మనిషి చెప్పే సంగతులు

సింగరాయకొండ అమ్మాయి ఒకరు అడిగారు. 23 ఏళ్లు. నెల్లూరులో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. టెన్త్‌లో మొదలైందట, జబ్బలు, భుజాలు, గడ్డం గిల్లుకోవడం. ముఖం కడుక్కుందామని బాత్రూంలోకి పోతే ముప్పావుగంటకు గానీ బయటికి రాదు. పెచ్చు కట్టిందల్లా పీకేస్తుంది, పీకాక కూర్చుని ఏడుస్తుంది. ఇంటికి పోతే వాళ్లమ్మ చేతి మీద ఒక్కటేస్తుంది. శ్రావణమాసంలో పెళ్లిచూపులు పెట్టుకున్నారు. "అక్కా, ఇది పిచ్చా? నా మనసు గట్టిది కాకనా? ఈ మచ్చలు పోతాయా? ఇంట్లో ఏం చెప్పాలి?" అని నాలుగు ప్రశ్నలు.

వరసగా చెప్పడం నాకు రాదు తల్లీ. గుర్తొచ్చినట్టు చెప్తా.

నేను డాక్టర్ని కాదు. మాది కావలి, పెళ్లయ్యాక నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు వచ్చా. జాకెట్లు కుట్టడం, మగ్గం వర్కు చేయడం నా పని. వయసు 47. పన్నెండో ఏట మొదలుపెట్టి ముప్పై ఎనిమిదో ఏడు దాకా గిల్లుకున్నా. నాది ఎక్కువగా గోళ్ల పక్క తోలు, ఎడమ భుజం, నెత్తి మీద పొక్కులు. ఇప్పుడు మానేశావా అంటే, నూటికి తొంభై పాళ్లు మానేశా. ఆ మిగిలిన పది సంగతీ చెప్తా, దాచను.

జాకెట్టు కొలతలు తీసేదాన్ని గనక ఇంకో రకంగా కూడా ఇది నాకు తెలుసు. టేపు జబ్బ చుట్టూ తిప్పగానే కొంతమంది పిల్లలు చెయ్యి వెనక్కి లాక్కుంటారు. "దోమలక్కా" అంటారు. నెల్లూరులో దోమల మీద ఎంత నేరం మోపినా ఎవరూ కాదనరు. కానీ దోమ ఎక్కడంటే అక్కడ కుడుతుంది. గిల్లుడు మచ్చలు అట్లా ఉండవు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ జబ్బ మీద ఎక్కువుంటాయి. వీపు మీద చెయ్యి అందినంత మేరే ఉంటాయి, నడిమధ్య చెయ్యి అందని చోట చర్మం నున్నగా కొత్త గుడ్డలా ఉంటుంది. ఆ నున్నటి ముక్క చూస్తే నాకు అర్థమైపోతుంది. ఏమీ అనను. కొలతలు రాసుకుని చెయ్యి వదిలేస్తా. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, నీలాంటి పిల్లలు నా టేపు కిందకి చాలామందే వచ్చారు. అందరూ ఎవరికి వాళ్లు తామొక్కళ్లమే అనుకుంటున్నారు.

పిచ్చి కాదమ్మా. దీనికి పేరుంది. ఎక్స్‌కోరియేషన్ డిజార్డర్ అంటారు, స్కిన్ పికింగ్ అన్నా డాక్టర్లకు అర్థమవుతుంది. 1875లోనే ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లండు చర్మవైద్యుడు దీన్ని గురించి రాశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో దీన్ని విడి జబ్బుగా చేర్చి, ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వచ్చే జబ్బు) చుట్టాల వరసలో పెట్టారు. జుట్టు పీక్కునే జబ్బు దీనికి తోడబుట్టింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లోనూ ఉంది. ఊరికే మొటిమ ఒకటి గిల్లినవాళ్లందరికీ ఈ పేరు పెట్టరు. పుళ్లు పడాలి, మానాలని పదేపదే ప్రయత్నించి మానలేకపోవాలి, దానివల్ల బాధో, పనికి నష్టమో ఉండాలి. నీకు మూడూ ఉన్నాయి. నాకూ ఉండేవి.

మనసు గట్టిది కాదేమో అన్నావు చూడు, దాని దగ్గర కాసేపు ఆగుతా. ఎందుకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ మాటే.

మగ్గం కర్రలకు గుడ్డ బిగించి కూర్చున్నానంటే కుడిచేతిలో సూది గుడ్డ పైన, ఎడమచేతిలో దారం గుడ్డ కింద. ఐదు గంటలు కూర్చున్నా ఒక్కసారి కూడా భుజం మీదకు చెయ్యి పోదు. టీ తాగుదామని లేచి కుడిచేత్తో గ్లాసు పట్టుకున్నానో లేదో, ఎడమచెయ్యి బొటనవేలి పక్క తోలు మీద పనిలోకి దిగేది. మనసు గట్టిది కాని మనిషి ఒక జాకెట్టు వెనక మెడకు మూడు వేల పూసలు ఎట్లా కుడుతుంది? లోపం మనసులో ఉంటే మగ్గం మీద కూడా కనపడాలి కదా. చెయ్యి ఖాళీగా ఉండటం, చర్మం మీద ఏదో ఒకటి గరుగ్గా తగలడం, లోపల విసుగో టెన్షనో నిద్రమత్తో ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడే గిల్లుడు మొదలయ్యేది. ఇది కనిపెట్టడానికి నాకు ఇరవై ఏళ్లు పైన పట్టింది. నువ్వు ఊరికే తీసుకో.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది: గిల్లడం ఆపాలని చూడకు, వెతకడం ఎప్పుడు మొదలైందో చూడు. గిల్లేది రెండు గోళ్లు. వాటికంటే ముందు ఒక వేలు వెతుకుతుంది. నాకైతే అది కుడిచేతి మధ్యవేలు. గోరు తగలకుండా, వేలి మెత్తతో, భుజం మీద చిన్న చిన్న చుట్లు తిరుగుతూ పోతుంది, బియ్యంలో మట్టిబెడ్డ కోసం చూసినట్టు. ఏదీ దొరకలేదనుకో, కాస్త పక్కకు జరుగుతుంది. దొరికిందంటే అక్కడ ఆగుతుంది, రెండుసార్లు నొక్కి చూస్తుంది, అప్పుడు చూపుడువేలూ బొటనవేలూ దిగుతాయి. అవి దిగాక బ్రహ్మదేవుడొచ్చినా ఆపలేడు. వెతికే వేలు దగ్గరైతే ఆపొచ్చు, ఆ దశలో ఇంకా బలం ఉండదు దానికి. నీకు ఏ వేలో ఇవాళ రాత్రి చూడు.

ఎట్లా చూడటం అంటావా? నేను చేసింది చెప్తా. పాత లైనింగ్ ముక్క ఒకటి మిషను పక్కన పెట్టుకుని, చెయ్యి భుజం మీదకో గోళ్ల పక్కకో పోయినట్టు తెలిసినప్పుడల్లా మార్కింగ్ చాక్‌తో ఒక గీత గీశా. గిల్లినా గిల్లకపోయినా గీతే. మొదటిరోజు మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి 41 గీతలున్నాయి. రోజుకు పదో పదిహేనో అనుకునేదాన్ని. ఆ ముక్క చూసి భయమేసింది. వారం తిరిగేసరికి, గిల్లుడు తగ్గిద్దామని ఏమీ చేయకుండానే, గీతలు సగానికి వచ్చాయి. తెలియకుండా జరిగేది తెలిసి జరుగుతోందంటేనే సగం దారి వచ్చినట్టు. నువ్వు నోట్‌బుక్ అంచున పెన్సిలుతో గీసుకో. గీత పక్కన టైము కూడా రాసుకుంటే ఇంకా మంచిది. మూడు రోజుల్లో నీ దొంగ వేళలు బయటపడతాయి. నావి మధ్యాహ్నం మూడున్నర, రాత్రి పదిన్నర.

తర్వాత పొగతోటలో ఒక సైకాలజిస్టు దగ్గరకు పోతే, నా లైనింగ్ ముక్క కథ విని ఆయన నవ్వాడు. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్లు అలవాట్లు మాన్పించడానికి పెట్టిన పద్ధతిలో మొదటి మెట్టు ఇదేనట. హ్యాబిట్ రివర్సల్ అంటారు. ఇప్పటికీ ఈ జబ్బుకు ముందు ఇచ్చే చికిత్స అదే. రెండో మెట్టు, వెతికే వేలు లేచిన క్షణాన చేతులకు ఎదురు పని ఇవ్వడం. ఆ పని చేస్తుండగా గిల్లడం కుదరకూడదు, పక్కవాళ్లకు వింతగా కనపడకూడదు, ఒకటి నుంచి మూడు నిమిషాలు చేయగలగాలి. పిడికిలి బిగించడం అందరూ చెప్పేదే, పనిచేస్తుంది కూడా. బొటనవేలు లోపలికి పెట్టి బిగించి మోచేతులు నడుముకు ఆనించుకో. క్లాసులో అయితే బల్ల అంచు పట్టుకో. మొదటి నిమిషం దురద పెట్టినట్టే ఉంటుంది, ఇంకా పెరుగుతుంది కూడా. తర్వాత అల తగ్గినట్టు తగ్గుతుంది. మైపాడు బీచిలో నిలబడి చూడు, ఏ అలా ఒడ్డున నిలిచిపోదు.

కొంతమందికి పిడికిలి చాలదు. వాళ్ల చేతికి పీకడమే కావాలి, ఆ 'టక్' అని ఊడి వచ్చేదే కావాలి. నేను ఆ రకం. అట్లాంటి చేతికి పీకే పనే ఇవ్వాలి. వెల్లుల్లి పొట్టు తీయడం, చింతపండులో గింజలు తీయడం, పచ్చి బఠాణీలు ఒలవడం మా ఇంట్లో నావే. రొయ్యలు వలవడం నాకు అన్నిటికంటే ఇష్టం, మన నెల్లూరోళ్లకు వాటికి కొదవ లేదు గదా. కానీ వేళ్ల మీద పుండ్లుంటే గ్లౌజు లేకుండా రొయ్యల జోలికి పోకు, ఆ ముల్లు గుచ్చుకుంటే చీము పట్టేస్తుంది. హాస్టల్లో ఇవన్నీ యాడ దొరుకుతాయంటావు. అరచేతిలో ఫెవికాల్ కాస్త రాసుకుని ఆరనిచ్చి, పొర పొరగా ఒలుచుకో. చిన్నప్పుడు బడిలో అందరం చేసినదే. నవ్వుకో పర్వాలేదు. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్ల ఒకతి రోజూ రాత్రి అదే చేస్తుంది, నెలకో డబ్బా అయిపోతుంది, ఆమె జబ్బలు మాత్రం మానాయి.

చేతి మీద రబ్బర్ బ్యాండ్ వేసుకుని లాగి కొట్టుకోమని చెప్పేవాళ్లు ఉంటారు. నాకు ఇష్టం లేదు. మన చర్మాన్ని మనం ఇప్పటికే చాలా హింస పెట్టాం, ఇంకోటి ఎందుకు?

నీ బాత్రూం సంగతి. గిల్లుడు రెండు రకాలు. ఒకటి తెలియకుండా, చదువుతూనో ఫోన్ చూస్తూనో జరిగేది. రెండోది పనిగట్టుకుని, అద్దం ముందు లైటు వేసుకుని చేసేది. చాలామందికి రెండూ ఉంటాయి. పైన చెప్పిన గీతలు, పిడికిలి మొదటి రకానికి బాగా పనిచేస్తాయి. రెండోదానికి అద్దాన్నీ లైటునీ ఏదో ఒకటి చేయాలి. మా ఇంట్లో బాత్రూం అద్దం తీసేసి హాల్లో పెట్టించా. మా ఆయన నెల రోజులు గొణుక్కుంటూ హాల్లోనే గడ్డం గీసుకున్నాడు. హాస్టల్లో అద్దం పీకలేవు గనక, అద్దానికి ముఖం కనపడే ఎత్తున క్యాలెండర్ కాగితం అంటించు, లేదా నీ వేళను మార్చు. అందరూ తలుపు కొట్టే టైములోనే పో, రాత్రి అందరూ పడుకున్నాక పోకు. ఫోన్‌లో ఐదు నిమిషాల అలారం పెట్టి ఆ ఫోన్ బయట నీ స్నేహితురాలికి ఇచ్చి లోపలికి పో. మోగితే ఆమె తలుపు కొట్టాలి. అద్దానికి చేతి పొడవు దూరంలో నిలబడటం ఒక్కటి నేర్చుకున్నా సగం మొటిమలు కనపడవు. అంత దగ్గరగా నీ ముఖాన్ని లోకంలో ఇంకెవరూ చూడరు తల్లీ. ప్లక్కరు, పిన్నీసు, మొటిమలు నొక్కే పుల్ల ఉంటే ఇవాళే ఎవరికన్నా ఇచ్చేయి. గోళ్లు కత్తిరించి ఊరుకోకుండా ఆకురాయితో నున్నగా రాయి.

ఇక గరుకు సంగతి. వెతికే వేలికి ఏదీ దొరకకుండా చేయడం సగం వైద్యం. నువ్వు జబ్బల మీద చిన్న చిన్న గింజల్లా ఉంటాయని రాశావు. చలికి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు గరుగ్గా ఉంటే అది బహుశా కెరటోసిస్ పైలారిస్ అయ్యుండొచ్చు, చాలామందికి ఉంటుంది, హాని లేనిది. రోమం మొదట్లో చర్మపు పొట్టు చిన్న బిరడాలాగా అడ్డం పడుతుంది, అంతే. లోపల తీయాల్సిందేమీ లేదు. యూరియా ఉన్న క్రీము రోజూ స్నానం కాగానే రాస్తే నెలా రెండు నెలల్లో మెత్తబడుతుంది. ఏ పాళ్లలో వాడాలో స్కిన్ డాక్టర్ని అడుగు, పుండు మీద రాస్తే మండుతుంది.

నా వేళ్ల కథ వేరు. పీకిన తోలు అంచు లేచి ఉంటే పట్టుదారం దానికి తగులుకుంటుంది. జర్ర్ మని ఒక పోగు లేస్తుంది. ఆ పోగు చూస్తే కోపం, కోపంతో ఆ తోలు పీకడం, పీకితే ఇంకో అంచు లేవడం. నూనె రాసుకుందామంటే పట్టు మీద మరక, ఎవరి పెళ్లి చీరో పాడవుతుంది. చివరికి పగలు వేళ్ల చివర్లకు మైక్రోపోర్ కాగితం టేపు, రాత్రి వాజలీను రాసి కాటన్ గ్లౌజులు, ఇట్లా సర్దుకున్నా. టేపు వేశాక తెలిసిందేంటంటే, టేపున్న వేలికి స్పర్శ సరిగ్గా తెలియదు, అందుకని వెతకడమే మానేస్తుంది. ఇది నేను కనుక్కున్న అన్నిట్లోకీ చవకైన మందు. నువ్వు చదువుకునేటప్పుడు ఆ మధ్యవేలికో చూపుడువేలికో ఒక చుట్టు వేసుకో. పెన్ను పట్టుకోవడానికి అడ్డం రాదు.

పెచ్చు విషయంలో మన పెద్దవాళ్ల మాట ఒకటి వదిలేయాలి. గాలికి ఆరనివ్వు, పక్కు కడితేనే మానుతుంది అంటారు. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చేసి చూపించాడు, కప్పి తడిగా ఉంచిన గాయం ఆరబెట్టిన గాయం కంటే తొందరగా మానింది. మనకు దీంట్లో ఇంకో లాభం, పెచ్చే కట్టకపోతే పీకడానికేం ఉంటుంది? సబ్బు నీళ్లతో కడిగి, వాజలీను పల్చగా రాసి, చిన్న ప్లాస్టరో హైడ్రోకొల్లాయిడ్ ప్యాచో వేయి. మొటిమలకు అమ్మే గుండ్రటి ప్యాచులు అవే. మన రోహిణికార్తె ఎండల్లో చెమటకు ఊడిపోతాయి నిజమే. ఊడితే మళ్లీ వేయి. పసుపు నిమ్మరసం, టూత్‌పేస్టు, ఇవేవీ వద్దు.

మెడికల్ షాపు క్రీముల జోలికి అసలు పోవద్దు. నేను పోయా. మచ్చలకు ఏదైనా ఇవ్వండి అంటే ఒక షాపులో మూడు మందులు కలిపిన ట్యూబు ఇచ్చారు, చీటీ అడగలేదు. వారం రోజులు ముఖం వెలిగిపోయింది. మూడో నెలకు చర్మం పల్చబడి ఎర్రగా మండటం, గడ్డం మీద ఇంతకు ముందు లేని మొటిమలు. అందులో స్టెరాయిడ్ ఉందని స్కిన్ డాక్టర్ చెప్పాకే తెలిసింది. మొటిమలొస్తే ఊరుకుంటానా, గిల్లడానికి కొత్త పొలం దొరికినట్టయింది.

ఆస్పత్రికి ఎప్పుడు పరుగెత్తాలో కూడా చెప్పాలి. పుండు చుట్టూ ఎరుపు పాకుతుంటే, వేడిగా ఉండి పొడుస్తుంటే, ఎర్రటి గీతలాగా పైకి పోతుంటే, జ్వరం వస్తే ఆ రోజే చూపించు. ముక్కు చుట్టుపక్కల, పై పెదవి మీద సెగ్గడ్డ వస్తే నొక్కనే నొక్కకు. నాకోసారి మాఘమాసం ముహూర్తాల్లో కుడి బొటనవేలికి గోరుచుట్టు వచ్చింది. కోసి చీము తీశారు. పది రోజులు సూది ముట్టలేదు, ముగ్గురు పెళ్లికూతుళ్ల జాకెట్లు వేరేవాళ్లకు ఇచ్చుకున్నా. ఆ డబ్బు పోయినందుకంటే, వాళ్లకు కారణం ఏం చెప్పాలో తెలియక పడిన సిగ్గు ఎక్కువ. "తలుపులో వేలు పడింది" అన్నా.

ఇంకో మాట మర్చిపోతున్నా. ముందు దురద ఉండి తర్వాత గిల్లుతున్నావా, దురద లేకుండా గిల్లుతున్నావా, ఇది చూసుకో. హాస్టళ్లలో గజ్జి తొందరగా పాకుతుంది. రాత్రిపూట ఎక్కువ దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర పొక్కులు, రూములో ఇంకొకరికి కూడా ఉంటే ముందు దానికి మందు వాడాలి, అందరూ ఒకేసారి. రక్తం తక్కువైనా, థైరాయిడ్, షుగర్ తేడా ఉన్నా దురద రావచ్చు. అందుకే మొదట స్కిన్ డాక్టరు, తర్వాత మానసిక వైద్యుడు. ఖర్చు భయమైతే దర్గామిట్ట పెద్దాసుపత్రిలో ఓపీ ఉంది.

మానసిక వైద్యుడు అనగానే పెళ్లికి అడ్డమని భయపడుతున్నావు, నీ రాతలో తెలిసిపోతోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని స్పష్టంగా ఉంది. పోవడానికి కాళ్లు రాకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వ లైను, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందుల విషయం డాక్టరుకే వదిలేయి. ఆందోళన, దిగులు కూడా ఉంటే వాటికి ఇచ్చే మాత్రలతో కొంతమందికి గిల్లుడు కూడా తగ్గుతుంది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అని ఒకటుంది, కళ్లె కరగడానికి, పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లకు విరుగుడుగా వాడతారు. 2016లో అమెరికాలో 66 మందితో 12 వారాలు పరీక్షించారు. చివరిదాకా ఉన్నవాళ్లలో ఆ మందు వాడినవారిలో 47 శాతం మందికి బాగా తగ్గింది, మందు లేని ఉత్త మాత్ర వాడినవారిలో 19 శాతానికి. అంటే మందు వాడినా సగం మందికి పైగా అంత మార్పు లేదు, అది కూడా చూసుకో. మందుల షాపులో దొరుకుతుంది కదా అని నీ అంతట నువ్వు కొనుక్కోవద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది రావచ్చు. నాకు మాత్రలు ఇవ్వలేదు, మాటలతోనే సరిపోయింది. మా చెల్లెలి వరసామెకు మాత్రలతోనే దారికొచ్చింది. ఎవరి శరీరం వాళ్లది.

అమ్మ సంగతికి వస్తా. మా అమ్మ కూడా కొట్టింది. వేళ్లకు వేపాకు పసరు రాసింది. రెండేళ్లు వరసగా రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు తీసుకుపోయి, స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంది. రొట్టె ఇచ్చే ఆమె "పిల్లకు ఏమైందమ్మా" అంటే, మా అమ్మ కాసేపు ఊరుకుని, "చర్మం బాగుండదు" అంది. గిల్లుకుంటుంది అనడానికి ఆమెకే నోరు రాలేదు. ఆ రోజు దాకా నాకు అమ్మంటే కోపం. ఆమెకూ నాలాగే సిగ్గుగా ఉందని అప్పుడు తెలిసింది.

కాబట్టి మీ అమ్మతో పెద్ద ఉపన్యాసం వద్దు. ఆమె చెయ్యి ఖాళీగా లేనప్పుడు, అన్నం వారుస్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో చెప్పు. "అమ్మా, దీనికి పేరుంది, చికిత్స ఉంది, నేను మొదలుపెట్టా. నువ్వు కొడితే నాకు టెన్షనొచ్చి ఇంకా ఎక్కువవుతోంది. కొట్టే బదులు ఒక మాట చెప్పు చాలు." ఆ ఒక్క మాట ఇద్దరూ కలిసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ మాట 'దారం'. నా చెయ్యి భుజం మీదకు పోతే మా అమ్మాయి, "అమ్మా, దారం" అంటుంది. చుట్టాలున్నా ఎవరికీ అర్థం కాదు. "చెయ్యి తియ్" అంటే నాకు ఒళ్లు మండేది, "దారం" అంటే నవ్వొస్తుంది, చెయ్యి దానంతటదే దిగుతుంది. ఇందాక చెప్పిన హ్యాబిట్ రివర్సల్ పద్ధతిలో మూడో మెట్టు ఇదే, ఇంట్లో ఒక మనిషి తోడు ఉండటం. గిల్లని రోజు చూసి మెచ్చుకోవడం కూడా ఆ మనిషి పనే, మనవాళ్లకు అదొక్కటే రాదు.

మిగిలిన పది పాళ్లు చెప్తానన్నా కదా. మా అమ్మ చనిపోయిన ఏడాది మూడు నెలలు పూర్తిగా పాత స్థితికి వచ్చేశా. దినం భోజనాల్లో కూర్చుని ఎడమ బొటనవేలు రక్తం కారేదాకా పీక్కున్నా. ఇంతకాలం చేసిందంతా పోయిందనుకున్నా. పోలేదు. మళ్లీ లైనింగ్ ముక్క, చాక్ తీసుకుంటే ఈసారి నెలలోనే దారికొచ్చింది, చేతులు ఒకసారి నేర్చుకున్నది మర్చిపోవు. ఇప్పటికీ వారంలో ఒకటీ రెండుసార్లు జరుగుతుంది. గీత గీసుకుంటా, కడుక్కుంటా, టేపు వేస్తా. నీకూ పరీక్షల ముందు పెరుగుతుంది, ముందే తెలుసుకుని ఉండు. ఒకరోజు గిల్లావని మర్నాడంతా గిల్లే హక్కు వచ్చినట్టు కాదు, మనం పడిపోయేది అక్కడే.

మచ్చలు. గుంట పడినవి, ఉబ్బి గట్టిపడినవి వాటంతటవి పోవు, వాటికి డాక్టరు చేసేవి ఉన్నాయి. నల్లటి మచ్చలు మాత్రం చాలావరకు వాడిపోతాయి, కానీ మన రంగు చర్మానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది దాటుతుంది. ఎండ తగిలితే ఇంకా నల్లబడతాయి గనక బయటికి పోయేటప్పుడు సన్‌స్క్రీన్ రాయి. శ్రావణానికి మాయమవుతాయని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టే.

అందుకని పెళ్లిచూపుల జాకెట్టు గురించి నా పని నన్ను చెప్పనీ. మోచేతి దాకా చేతులు పెట్టించు, ఇప్పుడు అందరూ అట్లానే కుట్టించుకుంటున్నారు, దాస్తున్నావని ఎవరూ అనుకోరు. నెట్ గుడ్డ వద్దు, జరీ లోపల పెచ్చులకు గీరుకుని మళ్లీ చెయ్యి అక్కడికే పోతుంది. చేతులకు కూడా లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయమను, టైలరు ఖర్చు మిగులుతుందని మెడ వరకే వేస్తాడు, ఒప్పుకోకు. జబ్బ దగ్గర అరంగుళం వదులు ఉంచమను. చంక కింద కుట్టు అంచు లోపలికి మడిచి కుట్టమను, లేకపోతే ఆ పోగులే వేలికి తగులుతాయి. కొలతలు ఇచ్చేటప్పుడు టైలరమ్మ నీ చెయ్యి చూసి ఏమన్నా అంటే, దోమలని చెప్పు, ఆమె నమ్మకపోయినా ఊరుకుంటుంది.